ఎముకల పేరులు: ప్రతిరూప దేహమునకు నామకరణము



మన విజ్ఞానశాస్త్రపు గదిలో గోడకు వ్రేలాడుచున్న అస్థిపంజర పటమును మీరందరును చూచియుందురు. దాని యెదుట ఒక్కొక్కరిని నిలిపి, "ఎడమ చేయి చూపుము" అని మేము అడుగుట కలదు. ఇంత సులభమైన ప్రశ్నకు ఒకే తరగతిలో నాలుగు విధములైన ఉత్తరములు వచ్చును. ఒకడు తనకు ఎడమవైపున నున్న చేతిని చూపును. ఒకడు పటములోని మనుష్యునకు ఎడమ యగు చేతిని చూపును. ఒకతె మూపు మొదలు వ్రేలికొనవరకు కఱ్ఱను జరుపును. మఱియొకతె అఱచేతిని మాత్రము తాకి ఊరకుండును. నలుగురును తెలివిగలవారే. ఎడమ యేదో, చేయి యేదో నలుగురికిని తెలియును. అయినను ఒకే మాటను విని నాలుగు విషయములను తలంచిరి.

పటమునొద్ద ఈ పొరపాటును దిద్దుట సులభము. ఉపాధ్యాయుడు ప్రక్కనే యుండును. కాని వినునది మనుష్యుడు గాక యంత్రమైనప్పుడు, మన తలంపును ఊహించి సరిపెట్టుకొను గుణము దానికి లేదు. నేడు కంప్యూటరులలో మనుష్యదేహమునకు ప్రతిరూపములు నిర్మించి, వానికి ఎముకలు అమర్చి, ఆ యెముకలకు పేరులు పెట్టుచున్నారు. ఆ పేరులయందు ఐకమత్యము లేకున్న ఏమగును, దానిని కుదుర్చుటకు ఎవరు ఏ మార్గము త్రొక్కిరి, అందుండి మనము నేర్చుకొనవలసినది యేమి యనునదే ఈ పాఠము.

1. వాడుకలోని చిక్కు

తెలుగున "చేయి" అను మాట మూపు మొదలు వ్రేలికొనవరకు గల భాగమంతటికిని చెల్లును. అఱచేతికి మాత్రమును చెల్లును. "చేయి విఱిగినది" అన్నప్పుడు మొదటి యర్థము. "చేయి కడుగుకొనుము" అన్నప్పుడు రెండవ యర్థము. "కాలు" అను మాటయు నట్టిదే. "భుజము" అను మాట ఇంకను చిత్రమైనది. సంస్కృతమున దానికి బాహువని యర్థము. మన యిండ్లలో బరువు మోయు మూపును భుజమందుము. కనుకనే "భుజాస్థి" అను పేరు చదివిన బాలుడు దానిని మూపుమీద వెదకును. అది మోచేతికి పైనున్న ఎముక.

ముంజేతిలోని రెండెముకలకు మన పుస్తకములలో రత్ని, అరత్ని అని పేరులు. బొటనవ్రేలి వైపు నుండునది రత్ని. చిటికెనవ్రేలి వైపు నుండునది అరత్ని. ఒక్క అక్షరము జారినయెడల ఒక యెముక మఱియొక యెముక యగును. ఆ యక్షరము ఎన్నిమాఱులు జారునో పరీక్షాపత్రములు దిద్దు మాకు తెలియును.

ఆంగ్లభాషకును ఈ చిక్కు తప్పలేదు. వాడుకలో "ఆర్మ్" అనగా చేయి యంతయు. శరీరశాస్త్రజ్ఞులకు మూపు మొదలు మోచేతివరకు నున్న భాగము మాత్రమే. వాడుకలో "లెగ్" అనగా కాలంతయు. శాస్త్రజ్ఞులకు మోకాలు మొదలు చీలమండవరకు మాత్రమే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; ముందు దీనితో పని కలదు.

2. శరీరశాస్త్రజ్ఞుల ఒడంబడిక

ఎముకలను లెక్కించుటయందే పూర్వులకు భేదముండెను. చరకసంహితలో 360 అని యుండగా సుశ్రుతసంహితలో 300 అని యున్నది. నేటి శాస్త్రము ప్రకారము పెద్దవారి దేహమున సాధారణముగా 206 ఎముకలు. ఈ భేదము కేవలము అజ్ఞానమువలన కలిగినది కాదు. పూర్వులు దంతములను, మృదులాస్థులను గూడ ఎముకలలో చేర్చి లెక్కించిరి. అనగా "ఎముక" అను మాటకే వారి యర్థము వేఱుగా నుండెను.

ఐరోపాఖండమున ఆండ్రియాస్ వెసాలియస్ 1543లో తన దేహనిర్మాణ గ్రంథమును ప్రకటించిన పిదప ఈ శాస్త్రము మిక్కిలి వృద్ధిచెందెను. దానితోపాటు పేరులును పెరిగెను. ఒక్కొక్క దేశమున, ఒక్కొక్క గురువునొద్ద, ఒకే భాగమునకు వేఱువేఱు పేరులు. పందొమ్మిదవ శతాబ్దపు చివర సుమారు 50,000 పేరులు వాడుకలో నుండెనని చెప్పుదురు. 1895లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున జర్మను శరీరశాస్త్రజ్ఞుల సంఘము వానిని జల్లెడపట్టి సుమారు 5,500 లాటిన్ పేరులకు తగ్గించెను. తరువాత 1933లో ఆంగ్లేయులు బర్మింగుహామున, ఆ దశాబ్దమునందే జర్మనులు జేనాలో, ఆ జాబితాను వేఱువేఱుగా సవరించుకొనిరి. కుదిరిన ఐక్యము మరల చెదరెను. 1955లో పారిస్ నగరమున అన్ని దేశములవారును కలిసి ఒక జాబితాను ఒప్పుకొనిరి; 1998లో దాని స్థానమున నూతన జాబితా వెలువడెను.

ఇందు ముఖ్యమైన నియమమొకటి కలదు. దేహమున కుడి, ఎడమ యనునవి చూచువాని కుడి యెడమలు కావు. ఆ దేహము గలవాని కుడి యెడమలు. రోగి తనకెదురుగా పండుకొని యున్నను వైద్యుడు రోగి యెడమనే ఎడమ యనవలెను. ఈ యొక్క నియమము తప్పినచో మంచి కాలికి కత్తి తగులును. పేరులయందు ఐక్యము పండితుల వేడుక గాదని దీనివలననే తెలియుచున్నది.

3. ప్రతిరూపమనగా నేమి?

వర్చువల్ రియాలిటీ యనునది కన్నులకు హెడ్‌సెట్టును తగిలించుకొని, కంప్యూటరు కల్పించిన స్థలమున తాను నిలిచియున్నట్లు చూచుట. అచ్చట మనకొక దేహము కావలెను. దానిని ఆంగ్లమున "అవతార్" అందురు. మన అవతారశబ్దమే సముద్రములు దాటి అట్లు తిరిగివచ్చినది. మేము దానిని ఈ పాఠమున ప్రతిరూపమని వ్రాయుదుము.

తోలుబొమ్మలాట చూచినవారికి ప్రతిరూపపు నిర్మాణము తేలికగా బోధపడును. తోలుబొమ్మకు మోచేతియొద్దను మూపునొద్దను కీళ్లుండును. ఆడించువాడు పుల్లతో చేతిని కదలించిన బొమ్మ చేయి కదలును. కంప్యూటరులోని ప్రతిరూపమునకు పైచర్మము చిన్నచిన్న త్రికోణములతో అల్లిన వల. దాని లోపల ఎముకలు అమర్చబడును. వలలోని ప్రతి ముడియు ఏ యెముకతో ఎంతమేరకు కదలవలెనో వ్రాయబడియుండును. మోచేతియొద్ద నున్న ముడి కొంత పై యెముకకును, కొంత క్రింది యెముకకును లోబడును. అందుచేతనే చర్మము తెగక వంగును.

ఈ యెముక గట్టి వస్తువు కాదు. అది ఒక కీలు యొక్క స్థానము. అచ్చటనుండి త్రిప్పుటకు వీలైన దిక్కు. దాని పైయెముక యేదో తెలుపు సంబంధము. వీనికి తోడు ఒక పేరు. తుంటి మూలము, దానికి వెన్ను బిడ్డ, వెన్నునకు ఱొమ్ము, అట్లే మెడ, తల. పైయెముక కదలిన బిడ్డలన్నియు దానితో కదలును.

మనుష్యునకు 206 ఎముకలుండగా ప్రతిరూపమునకు ఎన్ని యుండవలెను? ఇప్పుడు విరివిగా వాడుకలోనున్న వీ.ఆర్.ఎం. అను పద్ధతిలో పేరుపెట్టబడినవి 55 మాత్రమే. వీనిని నిజమైన దేహముతో పోల్చి చూతము. ఒక పాదమున నిజముగా 26 ఎముకలు. ప్రతిరూపమున పాదమొకటి, కాలివ్రేళ్లన్నిటికి కలిపి ఒకటి, మొత్తము రెండే. పుఱ్ఱెలో 22, ప్రతిరూపమున తల, దవడ, వీనికి తోడు ఎముకలే కాని రెండు కన్నులు. రత్ని, అరత్ని రెండును కలిసి ఒక్క ముంజేతి యెముక యైనవి. చేతివ్రేళ్లకు మాత్రము ఒక్కొక్క చేతికి 15 చొప్పున 30 ఎముకలు, అనగా మొత్తములో సగముకంటె ఎక్కువ! కారణము స్పష్టము. పాదములు చెప్పులలో దాగును, వ్రేళ్లు మాటలాడును. ఈ జాబితా శవమును కోసి లెక్కించినది కాదు. సజీవుడైన మనుష్యుడు ఎదుటివానికి తన్ను తాను తెలుపుకొనుటకు కదలించు భాగముల లెక్క.

4. పేరుల కలహము

ఒక శిల్పి ఒక దేశమున ప్రతిరూపమును చేయును. వేఱొక దేశమున మఱియొకడు నటుని నడక, పరుగు, నమస్కారము మొదలగు చలనములను గ్రహించి ఫైలుగా భద్రపరచును. ఆ ఫైలులో నుండునవి యిట్టి యాజ్ఞలు: "ఈ పేరుగల యెముకను, ఈ క్షణమున, ఇన్ని డిగ్రీలు త్రిప్పుము." ప్రోగ్రాము ఆ పేరును ప్రతిరూపమున వెదకును. దొరకినచో త్రిప్పును. దొరకకున్న ఆ యెముక కదలక నిలుచును. ఆ పేరు వేఱొక యెముకకున్నచో వేఱొక యెముకయే కదలును. కావున ఇచ్చట పేరు కేవలము గుర్తు గాదు. ఆజ్ఞకును అవయవమునకును నడుమనున్న ఒక్కగానొక్క త్రోవ.

ఇప్పుడు ఎడమ తొడకును, దాని క్రింది పిక్కభాగమునకును వాడుకలోనున్న పేరులను చూడుడు.

యూనిటీ అను సాధనమున: "లెఫ్ట్ అప్పర్ లెగ్", "లెఫ్ట్ లోయర్ లెగ్".
మిక్సమో చలనములలో: "లెఫ్ట్ అప్ లెగ్", "లెఫ్ట్ లెగ్".
అన్‌రియల్ సాధనపు మాదిరి బొమ్మయందు: "థై", "కాఫ్", పేరు చివర ఎడమకు గుర్తుగా "ఎల్" అను అక్షరము.
బ్లెండర్ సాధనపు మాదిరి యస్థిపంజరమున: "థై", "షిన్", చివర చుక్కయు "ఎల్" అక్షరమును.
జపానులో 2008లో పుట్టిన మికుమికుడాన్స్ అను దానిలో: జపాను లిపిలో "ఎడమ ఆషి", "ఎడమ హిజా", అనగా ఎడమ కాలు, ఎడమ మోకాలు.

మిక్సమోలో "లెఫ్ట్ లెగ్" అనగా కాలంతయు గాదు, మోకాలి క్రింది భాగమే. ఇది శాస్త్రజ్ఞుల యర్థమునకు సరిపోవుచున్నది గదా! కాని వాడుక యర్థమును బట్టి చదివినవాడు దానిని తొడ యనుకొనును. జపానువారి "మోకాలు" అను పేరును విచిత్రముగా తోచవచ్చును గాని, పిక్కభాగము తిరుగునది మోకాలి కీలునందే. కొందరు ఎముకనుబట్టి పేరు పెట్టిరి. కొందరు కీలునుబట్టి పేరు పెట్టిరి. ఎవరి యింటిలో వారు సరియే. ఒకరి వస్తువు ఒకరి యింటికి పోయినప్పుడే కలహము.

అప్పుడు తొడ నిలువుగా నుండగనే పిక్క మోకాలియొద్ద ముందునకు వంగును. బొమ్మలో దీనిని చూచి నవ్వుదుము. కాని హెడ్‌సెట్టు ధరించినవాడు తలవంచి చూచుకొను దేహము వానిదే. తన చేయి యెత్తగా వేఱొకవైపు లేచుటయు, తన వ్రేలు విపరీతముగా మెలికపడుటయు కన్నులార చూచినచో వానికి నవ్వు రాదు, జంకు కలుగును.

5. రెండు మార్గములు

ఐకమత్యమునకు రెండు మార్గములు కలవు. మొదటిది, అందరును ఒకే పేరు పెట్టవలెనని శాసించుట. వెబ్ త్రీడీ అను సంఘమువారి ప్రయత్నమున "హెచ్-ఆనిమ్" అను పద్ధతి ఏర్పడి, 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడెను; 2019లో సవరింపబడిన కూర్పు వచ్చినది. ఇందు కీలునకు ఒక పేరు, కీలు క్రింది భాగమునకు మఱియొక పేరు నియమింపబడినవి. మోచేతి కీలు వేఱు, ముంజేయి వేఱు. మికుమికుడాన్స్ పేరులకును తక్కినవానికిని గల భేదము ఇచ్చట తీఱిపోయినది. వెన్నుపూసలకు గూడ ఒక్కొక్కదానికి పేరున్నది. కొద్ది కీళ్లు చాలునన్నవారికి కొద్ది, ఎక్కువ కావలెనన్నవారికి ఎక్కువగా మెట్లును ఏర్పరచిరి. శాస్త్రదృష్టితో చూడగా ఇది మిక్కిలి సమగ్రమైనది.

రెండవ మార్గము వీ.ఆర్.ఎం. వారిది. జపానుదేశమందలి ద్వాంగో అను సంస్థ 2018లో దీనిని వెలువరించెను. మఱుసటి సంవత్సరము దీని పోషణకై ఒక సంఘము ఏర్పడెను. క్రోనోస్ అను సంఘమువారి జీ.ఎల్.టీ.ఎఫ్. అను ఫైలు పద్ధతిమీద ఇది కట్టబడినది. ఇందు శిల్పి తన యెముకకు తనకిష్టమైన పేరు పెట్టుకొనవచ్చును. జపాను లిపియైనను, తెలుగు లిపియైనను అడ్డులేదు. కాని ఫైలులో ఒక పట్టిక యుండవలెను. "ఎడమ పైచేయి యనగా నా యెముకలలో ఇది, ఎడమ ముంజేయి యనగా ఇది" అని ఆ పట్టిక తెలుపవలెను. చదువు ప్రోగ్రాము శిల్పి పెట్టిన పేరును చూడదు, పట్టికను చూచును.

ఈ రెండవ మార్గము మన పాఠశాలకు క్రొత్త కాదు. ఒక బాలుని తల్లి బుజ్జి యని పిలుచును. తాత తన తండ్రి పేరుతో పిలుచును. సంఘమున వానికి బాప్తిస్మపు పేరుండును. మేము తల్లిని "వానిని బుజ్జి యనవద్దు" అని శాసింపము. అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క పేరు వ్రాయించి, ఆ పేరునకు ఈ బాలుడే యని నిశ్చయించుకొందుము. ఇంటి పిలుపు ఇంటిలో నిలుచును. హాజరుపట్టీలో పొరపాటు రాదు. రిజిస్టరు లేనిచో ఒకని మార్కులు మఱియొకనికి పోవును. ఇంటి పిలుపును నిషేధించినచో పిల్లవాడే దూరమగును.

6. బొటనవ్రేలి దిద్దుబాటు

అందరును ఒప్పుకొన్నంత మాత్రమున పేరు నిజమగునా? కాదని బొటనవ్రేలు సాక్ష్యమిచ్చుచున్నది.

మీ చేతిని చూచుకొనుడు. చూపుడువ్రేలు మొదలు చిటికెనవ్రేలివరకు ఒక్కొక్క వ్రేలికి మూడు అంగుళ్యస్థులు: మొదటిది, నడిమిది, కొనది. బొటనవ్రేలికి రెండే: మొదటిది, కొనది. నడిమిది లేదు. బొటనవ్రేలి మొదట కండపట్టిన చోట కదలునది వ్రేలి యెముక కాదు. అఱచేతికి చెందిన కరభాస్థి. పూర్వపు పట్టికలో అన్ని వ్రేళ్లకును ఒకే విధముగా మొదటిది, నడిమిది, కొనది యని మూడు పేరులు వ్రాసిరి. చూపునకు ఇది చక్కని వరుస. కాని బొటనవ్రేలి కరభాస్థికి "మొదటిది" యనియు, నిజమైన మొదటి యెముకకు "నడిమిది" యనియు తప్పు పేరులు పడెను. యూనిటీలో నున్న ఈ వరుసనే వీ.ఆర్.ఎం. తొలి కూర్పును తీసికొనెను.

2022లో వెలువడిన 1.0 కూర్పునందు దీనిని దిద్దిరి. ఇప్పుడు బొటనవ్రేలికి కరభాస్థి, మొదటిది, కొనది యని పేరులు. దిద్దుటవలన క్రొత్త కష్టమొకటి కలిగెను. పాత ఫైలులో బొటనవ్రేలి "మొదటిది" యన్నది క్రొత్తదానిలో కరభాస్థి. పాతదానిలోని "నడిమిది" క్రొత్తదానిలో "మొదటిది". ఒకే మాట రెండు కూర్పులలో రెండెముకలకు చెల్లును. కావున ఫైలు తాను ఏ కూర్పునకు చెందినదో తప్పక తెలుపవలెను. చదువు ప్రోగ్రాము దానిని ముందుగా చూడవలెను. వాడుకలో నాటుకొనిన తప్పును దిద్దుటకు మూల్యము చెల్లింపవలసియుండును. ఆ మూల్యమునకు వెఱచి ఊరకుండుటకంటె, దిద్ది, దిద్దిన సంగతిని మరుగుపఱచక వ్రాసియుంచుట మేలు. కాపీపుస్తకమున తప్పు కొట్టివేసి సరియైనది వ్రాయుమని మేము మీకు చెప్పునదియు నిదియే గదా.

7. పేరుతోనే పని తీఱదు

పేరులు కుదిరిన పిమ్మటను మఱి రెండు విషయములయందు ఒప్పుదల కావలెను. మొదటిది నిలుకడ. "చేతిని ముప్పది డిగ్రీలు ఎత్తుము" అన్నప్పుడు ఎచ్చటనుండి ముప్పది? చేతులు క్రిందికి వ్రేలాడుచున్న బొమ్మకును, చేతులు చాచిన బొమ్మకును ఒకే ఆజ్ఞ వేఱువేఱు ఫలముల నిచ్చును. కావున వీ.ఆర్.ఎం. వారు చేతులు రెండు ప్రక్కలకు చాచి, ఆంగ్లాక్షరమైన "టీ" వలె నిలిచిన భంగిమనే మూలముగా నిర్ణయించిరి. రెండవది ముఖము. తొలి కూర్పున ప్రతిరూపము ఏ దిక్కునకు మొగము త్రిప్పి నిలిచెనో, 1.0 కూర్పున దానికి సరిగా వ్యతిరేక దిక్కునకు నిలుచును. కూర్పును గమనింపని ప్రోగ్రాములో ఆ దేహము మనకు వీపు చూపి నిలుచును.

చేతివ్రేళ్లను యంత్రము తానై కనిపెట్టు పద్ధతులలో గూడ లెక్క తేడా యున్నది. ఓపెన్ ఎక్స్.ఆర్. అను ప్రమాణమున ఒక్క చేతికి 26 స్థానములు, వెబ్ ఎక్స్.ఆర్. అను దానిలో 25. తేడా యేమన, మొదటివారు అఱచేతి నడుమకు గూడ ఒక పేరు పెట్టిరి. రెండును తప్పులు కావు. ఇరవైయాఱవ స్థానము కొఱకు వెదకువానికి అది రెండవ జాబితాలో లేదని ముందుగా తెలిసియుండిన చాలును.

8. ఒక విద్యార్థిని ప్రశ్న

ఈ పాఠమును తరగతిలో చెప్పినప్పుడు వీ.ఆర్.ఎం. 1.0 పట్టికలో తప్పక యుండవలసిన ఎముకలను నల్లబల్లమీద వ్రాసితిమి. అవి 15: తుంటి, వెన్ను, తల; రెండు ప్రక్కలను తొడ, పిక్క, పాదము; రెండు ప్రక్కలను పైచేయి, ముంజేయి, హస్తము. తక్కిన 40 ఎముకలు ఉండినను ఉండకపోయినను సరియే. బల్లమీది జాబితాను చూచి వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "అయ్యగారూ, ఒక చేయి లేనివారికి ఈ దేహము ఇయ్యరా?" అని యడిగెను.

ఆ ప్రశ్న విన్నంతనే తరగతి నిశ్శబ్దమాయెను. మేమును వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. ఎవరో కూర్చుండి "మనుష్యదేహమునకు ఇవి తప్పక యుండవలెను" అని జాబితా వ్రాసినప్పుడు, వ్రాసినవారు తలంపకున్నను, ఆ జాబితా కొందరిని వెలుపల నిలుపవచ్చును. మఱునాడు ఆ నియమమును మరల చదివి బాలికకు ఇట్లు చెప్పితిమి: పట్టిక కోరునది ఎముకనే గాని చర్మమును గాదు. ఎముక యనగా ఒక స్థానమును పేరును మాత్రమే యని ముందే నేర్చుకొంటిమి. ఆ స్థానమునకు చర్మపు వలను తగిలింపకున్నచో అది కంటికి కనబడదు; పట్టికయు సంపూర్ణమగును. కావున ఒక చేయి లేనివారు తమ దేహమెట్లున్నదో అట్లే కల్పితలోకమునకును పోవచ్చును. రెండు చేతులతో పోవలెనన్న అట్లును పోవచ్చును. నిర్ణయము వారిది.

ఆమె తల యూచెను గాని, "అయినను లేని యెముకకు పేరెందుకు వ్రాయవలెను?" అని మరల నడిగెను. ఈ రెండవ ప్రశ్న న్యాయమైనది. యంత్రమునకు సదుపాయముగా నుండుటకే యను ఉత్తరము సత్యమే గాని సంపూర్ణము గాదు. తలనుండి, రెండు చేతులనుండి వచ్చు గుర్తులనుబట్టి తక్కిన దేహమును లెక్కకట్టు ప్రోగ్రాములు సులభముగా పనిచేయుటకు ఆ నియమము తోడ్పడుచున్నది. బొటనవ్రేలి తప్పును దిద్దినవారు దీనినిగూడ ఒకనాడు ఆలోచింపవచ్చును. అడుగువారుండినప్పుడే దిద్దువారుందురు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమున దేహమును అవయవములను గూర్చి పౌలు చెప్పిన మాటలు మన చాపెలులో తఱచుగా చదువబడును. బలహీనముగా కనబడు అవయవమును లక్ష్యముంచవలెనను ఆ బోధ జాబితాలు వ్రాయువారికిని వర్తించునని ఆ దినమున మాకు తోచెను.

9. ముగింపు

చూచితిరా! వైద్యులు అరువది సంవత్సరములు పాటుపడి కుదుర్చుకొన్న ఒడంబడికను పోలినదే నేడు కంప్యూటరు శిల్పులును కుదుర్చుకొనుచున్నారు. మంచి ఒడంబడిక యొక్క గుణములు మనకు తెలిసినవి. ఎవరి యింటి పేరును అది తుడిచివేయదు. ఆ పేరు దేనికి చెల్లునో స్పష్టముగా వ్రాయించును. దేహము ఉన్నదున్నట్లు చెప్పును, తప్పైన దిద్దుకొనును. దిద్దిన సంవత్సరమును దాచదు. తన జాబితావలన ఎవరు వెలుపల నిలిచిరో వెనుదిరిగి చూచును.

యెహెజ్కేలు గ్రంథము 37వ అధ్యాయమున ఎండిన యెముకల లోయ వర్ణింపబడినది. ఆ దర్శనమున చెదరిన యెముకలు ముందుగా తమ తమ చోటులకు చేరెను. నరములు, మాంసము, చర్మము తరువాత వచ్చెను. ఊపిరి కడపట వచ్చెను. పేరుల పట్టిక చేయగలది ఆ మొదటి పని మాత్రమే. ఎముకను దాని చోటునకు చేర్చుటవఱకే దాని శక్తి. పిమ్మట ఆ దేహముతో ఎవరిని పలుకరింతుమో, ఏ చేయి చాచుదుమో, అది మన పని.

మీలో కొందరు ముందు ఈ విద్యయందు ప్రవేశింతురు. పేరు పెట్టునప్పుడు మీ యెదుట లేని ఒక చదువరి దానిని చదువునని తలంచి పెట్టుడు.

అభ్యాసము

1. మీ యింటిలో "చేయి", "కాలు", "భుజము" అను మాటలను పెద్దలు ఏయే భాగములకు వాడుదురో అడిగి వ్రాయుడు. తల్లిదండ్రుల మాటకును పాఠ్యపుస్తకపు మాటకును తేడా యున్నచో చూపుడు.

2. ఒక కాగితముమీద మనుష్యుని బొమ్మ వ్రాసి, తప్పక యుండవలసిన 15 ఎముకలను గుర్తించి, వానికి మీకిష్టమైన తెలుగు పేరులు పెట్టుడు. ప్రక్కన పట్టిక వ్రాసి, మీ బొమ్మను చూడని మిత్రునికి పట్టికను మాత్రమిచ్చి, ఏ పేరు దేనికో చెప్పగలడేమో పరీక్షింపుడు.

3. బొటనవ్రేలికి నడిమి యెముక లేదని మీ చేతిని వంచి చూచి నిరూపింపుడు.

4. పాతజాబితాలోని తప్పును దిద్దుట మేలా, వాడుకలో నున్నందున విడిచిపెట్టుట మేలా? రెండు పక్షములను తూచి ఒక పుటకు మించకుండ వ్రాయుడు.